నా మోటారు, పక్కింటి బ్రెడ్డు

మా పక్కింటి కోడలిని నేను పాప అంటాను. ఆమె మొగుడు కువైట్‌లో ఉంటాడు. ఆయన అమ్మకు పళ్ళు ఊడిపోయాయి, షుగరు కూడా ఉంది. అంగడి బ్రెడ్డు ఆమెకు పడటం లేదని పోయిన ఎండాకాలం మొదట్లో ఆయన ఒక బ్రెడ్డు మిషను పంపించాడు. ఇంట్లోనే గోధుమపిండితో, చక్కెర లేకుండా చేసి పాలలో నానబెట్టి అమ్మకు పెట్టమని పెండ్లానికి చెప్పాడు.

పిండి, నీళ్ళు, ఈస్టు వేసి మూత పెడితే అదే పిసుకుతుంది, అదే పొంగిస్తుంది, అదే కాలుస్తుంది. మొదటి రోజు సాయంత్రం నాలుగింటికి వీధిలో ఆడవాళ్ళమంతా పోయి చుట్టూ కూర్చున్నాం. మూడు గంటలు గడిచాక అది పీ పీ అని కూసింది. పాప బ్రెడ్డును పళ్ళెంలో బోర్లించింది. పైన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. కత్తి పెడితే పిండి అంటుకుని వచ్చింది. వేలితో నొక్కితే గుంత పడింది, మళ్ళీ లేవలేదు. వాళ్ళత్త చూసి, "మిషనుకేం రోగం లేదులే, చేసే చేతికుంది," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ పాప నాకేమవుతుందో కూడా చెప్పాలి. యాభై దాటిన తర్వాత నాకు అక్షరాలు నేర్పింది తనే. మధ్యాహ్నం గిన్నెలు తోముకున్నాక పలక పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేది. నేను విసుక్కుని పలక పక్కన పడేసినా తను విసుక్కునేది కాదు.

అత్త రాత్రి తిండికి అందాలని పాప రోజూ సాయంత్రం నాలుగు గంటలకే మిషను పెట్టేది. నీళ్ళు తగ్గించి చూసింది. ఈస్టు మార్చింది. మరలో పట్టించిన పిండి మానేసి ప్యాకెట్టు పిండి తెచ్చింది. పైభాగం ఎర్రగా కాల్చే మీట నొక్కింది. అంతా అయ్యాక ఒట్టి కాల్చే మీట ఇంకో గంట నొక్కింది. అంచులు గట్టిపడ్డాయి గానీ నడుమ జిగురు జిగురుగానే ఉంది. నేను పక్కన కూర్చుని పెద్దరికం చూపించేదాన్ని. నీళ్ళు ఎక్కువ పోస్తాండావు మే అని ఒకరోజు, మూత తీసి తొంగి చూస్తాండావేమో అని ఇంకోరోజు. పాపం, మూత ముట్టుకునేది కూడా కాదు. పచ్చి బ్రెడ్డు పారేస్తే అత్త తిడుతుందని తనే తిని, కడుపు పట్టుకుని తిరిగేది.

పులివెందులలో మిక్సీలు బాగు చేసేవాళ్ళు ఇట్లాంటిది మేమెప్పుడూ విప్పలేదన్నారు. నేను కండ్లద్దాల పని మీద ప్రొద్దుటూరు పోతున్నానంటే, పాప మిషనును దుప్పట్లో చుట్టి నాతో పంపింది. అక్కడ గల్ఫు సామాన్లు బాగు చేసే ఆయన ఒకడున్నాడు. పొద్దున ఇచ్చి మధ్యాహ్నం పోయాను. నేను పోయేసరికి బ్రెడ్డు కాల్చి పెట్టాడు. బెల్లం రంగులో ఉంది. తుంచితే దూదిలాగా విడింది.

"మిషనులో ఏ తప్పూ లేదు. మీ ఇంటిపక్క ఎవురన్నా ఇండ్ల కరెంటుతో బోరు మోటారు నడుపుతాండారా అవ్వా?" అని అడిగాడు. "ఓల్టేజీ పడిపోతే దీనికి వేడి చాలదు. టైము అయిపోతానే ఆగిపోతాది. కాలిందా లేదా అనేది దానికి తెలీదు."

నడిపేది నేనే. పొలాలకిచ్చే మూడు ఫేజుల కరెంటు సాయంత్రానికి పోతుంది. ఆ తర్వాత ఇండ్లకొచ్చే ఒక్క ఫేజు కరెంటుతోనే మోటారు తిరిగేటట్టు కండెన్సరు తగిలించి, ఆరు గంటల నుంచి ఇంటి వెనకున్న నా చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, నీళ్ళు పెడతాను. మా వైపు ఇది కొత్త కాదు. మా రెండిండ్లకూ తీగ ఒకే స్తంభం నుంచి వస్తుంది. ఎండాకాలం సాయంత్రాలు ఫ్యాన్లు నిదానంగా తిరగడం అందరికీ అలవాటే కాబట్టి ఎవరూ అనుమానించలేదు. పాప బ్రెడ్డు కాలవలసిన గంట, నా మోటారు మొదలయ్యే గంట ఒకటే.

ఆయన ఆ మాటే చీటీ మీద రాసిచ్చాడు, ఇంట్లోవాళ్ళకు చూపించమని. బస్సులో కూర్చుని చదివాను. ఆ పాప నేర్పిన చదువుతోనే చదివాను. ముద్దనూరు రాకముందే చీటీని కిటికీలోంచి వదిలేశాను.

ఇంటికి వచ్చి, మిషను బాగుందంట మే అన్నాను. మాట నిజమే. మిగతా సగం మింగేశాను. చెట్ల నిండా పిందె ఉంది. బోరులో నీళ్ళు తగ్గి, పగటి కరెంటుకు సగం తోటే తడుస్తోంది. మోటారు ఆపితే పిందె రాలుతుంది. అప్పుడు నా కంటికి ఆ పిందె ఒకటే కనిపించింది.

నా మాటే పాప మెడకు చుట్టుకుంది. మిషను బాగుంటే తప్పు ఎవరిదని అత్త అడిగింది. కువైట్‌కు ఫోను పోయింది. ఇంకో రెండు నెలలు పచ్చి బ్రెడ్డు, మాటలు. నేను రోజూ ఆరుకు మోటారు వేస్తూనే ఉన్నాను. చివరికి మొగుడే మిషనును జమ్మలమడుగులో ఉన్న తన చెల్లెలికి ఇచ్చేయమన్నాడు. ఆమె మొదటి రోజే ఎర్రగా కాల్చి పంపింది. అత్త దాన్ని వీధంతా చూపించింది. పాప ఒక ముక్క తెచ్చి నా చేతిలో పెట్టి, "నా చేతిలోనే లేదులే పెద్దమ్మా," అంది.

ఆ ముక్క నోట్లో పెట్టుకోలేకపోయాను. వెంటనే వాళ్ళింటికి పోయి అత్త ముందర ఉన్నదంతా చెప్పాను. మోటారు, చీటీ, అన్నీ.

ఆమె నమ్మలేదు. "దాన్ని ఎనకేసుకొస్తాండావు అక్కా. ఓల్టేజీ లేకుంటే మనకు అన్నం ఉడకలేదా?" అంది. అన్నం ఉడికేది గ్యాసు మీద అని నేను చెప్పేలోపు టీవీ వైపు తిరిగింది. మిషను తెప్పించు, మోటారు ఆపుతాను, నీ కోడలే చేసి చూపిస్తుంది అన్నాను. కూతురికిచ్చింది మళ్ళీ ఎట్ల అడిగేదని ఒక్క మాటతో కొట్టేసింది.

నమ్మింది పాప. గేటు దాకా నా వెంట వచ్చింది. తిడితే బాగుండునని నిలబడ్డాను.

"మోటారు ఎన్ని గంటలకు ఏస్తావు పెద్దమ్మా?"

ఆరుకు అన్నాను.

"అయితే నేను పొద్దున్నే పెట్టుకునేదాన్ని గదా. ఆ మాట చెప్పింటే చాలు. మోటారు ఆపమని నేను అడిగేదాన్నా?"

గేటు వేసుకుని లోపలికి పోయింది. రెండు నెలలు నేను తోటనూ ఆ పాపనూ తక్కెడలో పెట్టి తూచుకుంటూ కూర్చున్నాను. పొద్దున పెట్టుకో మే అని ఒక మాట అంటే తోట తోటగా, పాప పాపగా ఉండేది. నాకు తట్టలేదని చెప్పుకోవచ్చు. కానీ నేను వెతకలేదు.

జమ్మలమడుగు నుంచి బ్రెడ్డు వచ్చిన రోజల్లా వాళ్ళత్త ఇప్పటికీ నన్ను కేకేసి చూపిస్తుంది. పాప లోపల పని చేసుకుంటూ ఉంటుంది, తల ఎత్తదు. ఒక ముక్క తినమని అత్త ఇస్తుంది. వద్దనడానికి నాకు మొహం చాలదు. తింటాను.