మా అన్న వెనక్కి ఎందుకు చూశాడంటే

మా చిన్నతనంలో మిట్టమధ్యాహ్నం చేపల గంపతో పర్ర దాటేటప్పుడు ఎవరూ వెనక్కి చూసేవాళ్ళు కాదు...

పర్ర అంటే హంసలదీవి దగ్గర సముద్రానికీ వరి చేలకీ మధ్యనున్న ఉప్పు నేల. చెట్టు లేదు, నీడ లేదు. పడవలు ఒడ్డుకు చేరాక, చేప మెత్తబడకముందే ఆ నేల దాటి బస్సు వేళకి రోడ్డెక్కాలి. మా ఇంట్లో ఆ పని అన్న నాంచారయ్యది. గంప అన్న నెత్తిన, చిన్న బుట్ట నా చంకన.

"గంపలో బొగ్గుముక్క ఏశావటే?" అని అమ్మ రోజూ అడిగేది. పచ్చిచేప వాసనకి ఏదో ఒకటి వెంటపడుతుందనీ, బొగ్గు ఉంటే దగ్గరికి రాదనీ మావాళ్ళ నమ్మకం. "ఎవరు పిలిచినా ఎనక్కి చూడమాకండి" అని కూడా చెప్పేది.

బొగ్గు వెయ్యడం నా వంతు. ఒకరోజు మర్చిపోయాను. అమ్మ తిడుతుందని "ఏశానమ్మా" అని అబద్ధం చెప్పాను.

ఆ రోజే మొదలైంది... పర్ర సగం దాటాక మా వెనక తడి మట్టిలో అడుగులు. చప్... చప్... మేం ఆగితే అవీ ఆగాయి.

"చెల్లే, బుట్ట పారేసి పరిగెత్తు" అన్నాడు అన్న. దారిలో మురుగు కాలువలు. నా రెక్క పట్టుకుని, నెత్తిన గంపతోనే దూకాడు. మేం అవతలి గట్టున పడ్డాక నీళ్ళు మళ్ళీ ఎగిసిన చప్పుడు... మా తర్వాత ఇంకెవరో దూకినట్టు.

రోడ్డెక్కాక నాకేమీ వినపడలేదు. అన్నకి మాత్రం పరుగు మొదలుపెడితే చాలు, ఆ అడుగులు వినపడేవి. అది మొదలు పర్ర మీద వాడు నడవగా నేను చూడలేదు.

ఆ పరుగు చూసి బళ్ళో డ్రిల్లు మాస్టారు పిలిచారు. "గంప లేకుండా ఎంత పరిగెడతావురా?" అన్నారు.

"ఎనక అది ఎంత పరిగెడితే అంతండి."

మాస్టారు పగలబడి నవ్వారు. మేం నవ్వలేదు.

బందరులో గెలిచాడు. రాష్ట్రంలో గెలిచాడు. తర్వాత దేశంలోనే మొదటివాడయ్యాడు. ఆ పందెం పేరు స్టీపుల్‌ఛేజ్ అని, నేను చెబుతుంటే రాస్తున్న మా మనవరాలు అంటోంది. నాకు నోరు తిరగదు. గ్రౌండు చుట్టూ ఏడున్నర చుట్లు, అడ్డంగా దుంగలు, ఒక దుంగ అవతల నీళ్ళ గుంట. అందరూ గుంటలో పడి తడిసి లేచేవాళ్ళు. అన్న కాలువ దూకినట్టు దూకేవాడు. ఉత్త దూరం పరుగులోనూ వాడిదే ముందు. ఎంత ముందున్నా ఒక్కసారీ వెనక్కి చూడడని అందరూ మెచ్చుకునేవాళ్ళు...

ఇంట్లో మాత్రం గోడకి వీపు ఆనించి పడుకునేవాడు. "ఈమధ్య దగ్గరికొచ్చేస్తందే చెల్లే. ఊపిరి మెడకి తగులుతుంది" అనేవాడు. మనిషి సగమైపోయాడు.

విదేశాలకు వెళ్ళే వాళ్ళను ఎంచే పెద్ద పందెం వచ్చింది. పొద్దున్నే అన్నారు. అది అయిపోయి ఉంటుందని లెక్కేసుకుని, ఆ మధ్యాహ్నం నేను గంప నిండా కానగంత చేపలు ఎత్తుకుని ఒక్కదాన్నే పర్ర మీదికి వెళ్ళాను. బొగ్గు వెయ్యలేదు... కావాలనే.

"తప్పు నాది. మా అన్నని ఒదిలెయ్. దమ్ముంటే నా ఎనక రా!" అని అరిచాను.

పరిగెత్తలేదు. ఇంటివైపు నడిచాను. కొంచెంసేపటికి వెనక... చప్... చప్... మా ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగింది.

ఆ పందెం ఆలస్యమై సరిగ్గా ఆ వేళకే జరిగిందని నాకు తర్వాత తెలిసింది. ఆఖరి చుట్టు. అన్నే ముందు. నీళ్ళ గుంట దగ్గర తల వెనక్కి తిప్పాడు. దుంగ మీద కాలు జారింది. మడమ విరిగింది. మళ్ళీ పరిగెత్తలేదు.

"ఒక్కసారిగా ఎనక ఏమీ లేదే చెల్లే... ఇంత లోకంలో నేనొక్కణ్ణే అయిపోయినట్టయింది. అందుకే చూశా" అన్నాడు నాతో.

మొన్న ఎవరో అప్పటి పందెం ఫొటో ఫోన్లో పెట్టారు. రెండోవాణ్ణి వెక్కిరించడానికి వెనక్కి చూశాడట. పొగరుతో పోగొట్టుకున్నాడట. కింద అందరూ నవ్వే బొమ్మలు. పొగరంట! గోడకి వీపు ఆనించి పడుకున్న మనిషిని మీరు చూశారా? మీ నోళ్ళు పడిపోను!

అన్న ఇప్పటికీ మా వసారాలోనే ఉంటాడు. "అది ఎటు పోయిందే?" అని అడుగుతూనే ఉంటాడు. నేను మాట మార్చేదాన్ని. ఇది ముందు వాడికే చదివి వినిపించమని మనవరాలితో అన్నాను. విని చాలాసేపు నా వెనక గుమ్మం వైపే చూశాడు.

ఇప్పుడు పర్రంతా రొయ్యల చెరువులు. చేపలు ఐసు పెట్టెల్లో, ఆటోల్లో అవనిగడ్డ వెళ్తున్నాయి. ఆ నేల మీద నడిచేవాళ్ళే లేరు, ఇంక పరిగెత్తేదెవరు...

మా అన్న పరుగు కళ్ళారా చూసినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే కింద రాయండి. ఎలా ఓడిపోయాడో నేను చెప్పేశాను. ఎలా పరిగెత్తేవాడో మీరు చెప్పండి.