పడుగు తాడుకు కట్టిన గొర్రెపిల్ల

నా మొదటి ప్రసంగం విన్నవాళ్ళలో ఒక్కరు కూడా మధ్యలో లేచిపోలేదు. ఆవలించలేదు. పక్కవాడితో గుసగుసలాడలేదు. పైగా నేను మాట అన్నప్పుడల్లా తలలూపారు. ఆ తర్వాత జన్మంతా ప్రసంగాలు చేశాను గానీ అంతటి శ్రద్ధ మళ్ళీ నాకు దొరకలేదు. అయితే ఆ ప్రసంగం ముగిసేసరికి వీధి వీధంతా నన్ను తిట్టింది, ఒక మగ్గం మూలన పడింది, మా అమ్మ పెంచుకున్న గొర్రెపిల్లకు మాత్రం కడుపు నిండింది. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. నాకు నవ్వు రావడానికే చాలా ఏళ్ళు పట్టింది.

నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా కట్ట లేస్తున్న రోజులవి. ఊరి బయట మా వాడలో రెక్కలున్న కుర్రాళ్ళంతా అక్కడికి రాళ్ళు మోయడానికి పోయారు. నేను మాత్రం బైబిలు బడిలో ఒక ఏడాది చదివి, తెల్ల చొక్కా తొడుక్కుని, సువార్త చెప్పే ఉపదేశినయ్యానని ఊళ్ళో తిరుగుతున్నాను. మా అమ్మకు ఇది మింగుడు పడలేదు.

"ఏందిరా దానం, అందరు పనికి పోతాండ్రు. నువ్వు గా చొక్కా మాయకుండ ఎన్నొద్దులు తిరుగుతవ్?"

"దేవుని పని చేస్తున్ననే అమ్మా."

"గా దేవుని పనిల జర మన గొర్రెపిల్లకు గడ్డి కోసుడు గూడ ఉంటదేమో చూడు."

అలాంటప్పుడు మా పాస్టరయ్య నన్ను పిలిచి, పక్క ఊళ్ళోని నేతగాళ్ళ వీధికి వెళ్ళి సువార్త చెప్పి రమ్మన్నాడు. ఆయన నిదానస్తుడు. నా సంగతి ఆయనకు బాగా తెలుసు.

"చూడు దానం, ఎక్కువ తెలివి చూపకు. తప్పిపోయిన మనిషిని దేవుడే ఎతుక్కుంట వచ్చిండు, వాని కోసం పానం పెట్టిండు, మాఫీ ఉట్టిగ ఇచ్చిండు. గీ మూడు ముక్కలు చెప్పి ఇంటికి రా."

"గంతేనా అయ్యగారూ?"

"గంతే. గదే ఎక్కువ."

నాకు అది ఎక్కువనిపించలేదు. బైబిలు బడిలో మా పంతులు, వినేవాళ్ళకు కళ్ళముందు ఏదైనా చూపిస్తూ చెప్పమన్నాడు. తప్పిపోయిన గొర్రె కథ చెప్పబోతున్నాను, ఇంట్లో గొర్రెపిల్ల ఉండనే ఉంది. ఇంకేం కావాలి? తెల్లవారకముందే అమ్మ చూడకుండా దాన్ని విప్పుకుని, చంకన పెట్టుకుని బయలుదేరాను. దారి పొడవునా అది నా చొక్కా గుండీలు చప్పరిస్తూనే ఉంది. ఆకలి మీద ఉందని అప్పుడే అర్థం కావలసింది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. నాకు మాత్రం అప్పుడు ఎవరూ చెప్పలేదు. మావాళ్ళు పొలం కూలీలు, మాకు మగ్గం గొడవ తెలియదు. నేతగాళ్ళు నూలును మగ్గం మీదికి ఎక్కించే ముందు, నిలువు పోగులన్నిటినీ వీధి పొడవునా బిగించి కడతారు. అదే పడుగు. ఎండ ముదరకముందే దానికి గంజి పట్టించి, రెండు వైపులా మనుషులు నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుతారు. చెయ్యి ఆపితే గంజి ఆరి పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. కాబట్టి ఆ పని మొదలయ్యాక ఇల్లు కాలుతోందన్నా ఎవరూ కదలరు.

నేను వీధి మొదట్లో నిలబడి చూశాను. రెండు వరుసల్లో ఆడా మగా, పిన్నా పెద్దా బుద్ధిగా నిలబడి ఉన్నారు! ప్రభువా, నేను రాకముందే సంఘాన్ని కూర్చావా అనుకున్నాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నిజం.

గొర్రెపిల్లను ఎక్కడ కట్టాలా అని చూస్తే, నా పక్కనే ఒక గుంజ పాతి ఉంది. దానికి చుట్టిన లావుపాటి తాడు కొస ఒకటి ఊరికే వేలాడుతోంది. ఎంత సదుపాయం! ఆ కొసను గొర్రెపిల్ల మెడకు కట్టేశాను. అది పడుగును బిగించిన తాడనీ, ఎప్పటికప్పుడు వదులు చేసుకోవడానికి దాన్ని జారుముడి వేసి ఉంచుతారనీ, ఆ కొస పట్టి లాగితే ముడి మొత్తం ఊడి వస్తుందనీ నాకేం తెలుసు?

"ప్రియ సహోదరీ సహోదరులారా!" అని గొంతెత్తాను.

వరుసలో ముందున్న అంజయ్య కుంచె ఆపకుండానే నావైపు చూశాడు. ఆ పడుగు అతనిదే.

"ఎవలయ్యా నువ్వు? గీ పొద్దుగాల్నే ఏంది?"

"సువర్తమానం తెచ్చిన అన్నా!"

"తెస్తే తెచ్చినవ్ గని, జర పక్కకు నిలబడి చెప్పు. గీ పడుగు ఇయ్యాల మగ్గమెక్కాలె. అంగడి దినానికి చీరెలు దింపకుంటే మా ఇంట్ల పొయ్యి లేవది."

పక్కనే అంజయ్య తల్లి నర్సవ్వ ఉంది. జుట్టు ముగ్గుబుట్టలా నెరిసిపోయినా ఆమె కుంచె మాత్రం అందరికంటే చురుగ్గా నడుస్తోంది. "చెప్పనియ్యి తియ్యిరా, చెవులు ఖాళీగనే ఉన్నయి గద!" అంది కొడుకుతో.

ఇక నాకు పట్టపగ్గాలు లేవు. కాపరి మందనంతా వదిలి ఒక్క గొర్రె కోసం రాళ్ళూ ముళ్ళూ తొక్కుతూ వెళ్ళిన కథ చెప్పాను. ఆ కాపరి దేవుడేనన్నాను. తప్పిపోయింది మనమేనన్నాను. పైకీ కిందికీ దువ్వుతున్నారేమో, కుంచెతో పాటు అందరి తలలూ ఊగుతున్నాయి. నేనది ఒప్పుకోలు అనుకున్నాను. ఊగేకొద్దీ నా గొంతు పెరిగింది.

"పూర్వం తప్పు చేసినోడు గొర్రెపిల్లను తెచ్చి బలిచ్చేటోడు. గని దేవుడు ఏం జేసిండు? తన కొడుకునే గొర్రెపిల్ల లెక్క మనకోసం ఇచ్చేసిండు! ఒక్కసారే, అందరికోసం! ఇగ మనం ఏ గొర్రెపిల్లనూ తేవలసిన పని లేదు!"

నర్సవ్వ తల పైకెత్తింది. "ఉట్టిగనేనా?"

"ఉట్టిగనే అవ్వా!"

"ఉట్టిగ ఇచ్చి, ఎన్కకెల్లి ఏమన్న అడుగుతడా?"

"ఏమీ అడగడు. చెయ్యి చాపి తీస్కునుడే మన పని. మనం ఏం జేసినా దానికి సరితూగది!"

"ఊఁ," అని ఆమె మళ్ళీ దువ్వడంలో పడింది. ఆ 'ఊఁ' విని నేను పొంగిపోయాను. ఇనుము కాలినప్పుడే దెబ్బ కొట్టాలని, "ప్రార్థన చేద్దాం, అందరు కండ్లు మూసుకోండ్రి!" అన్నాను. మూసుకున్నది నేనొక్కణ్ణే.

నేను ప్రార్థన మొదలుపెట్టిన కాసేపటికి దబ్బుమని ఏదో పడ్డ చప్పుడైంది. వెంటనే కేకలు.

"అయ్యో, పోయిందిరో! అంత పోయింది!"

పాపభారం పోయిందంటున్నారనుకున్నాను. బైబిలు బడిలో చెప్పారు, ఆత్మ దిగితే జనం ఇలాగే ఏడుస్తారట.

"పోనియ్యుండ్రి!" అని అరిచాను కళ్ళు తెరవకుండానే. "అంత పోనియ్యుండ్రి!"

"ఓరి నీ నోట్ల మన్ను పడ! కండ్లు తెరువురా!"

తెరిచాను. పడుగు వీధి పొడవునా మట్టిలో పడి ఉంది. దాని మధ్యలో మా గొర్రెపిల్ల నాలుగు కాళ్ళూ బారచాపి నిలబడి, తోక ఆడిస్తూ, ఆబగా గంజి నాకుతోంది. గొర్రె కసాయివాణ్ణి నమ్ముతుందంటారు. మా గొర్రెపిల్ల కసాయివాణ్ణీ నమ్మలేదు, కాపరినీ నమ్మలేదు, గంజినే నమ్మింది.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. కానీ అప్పుడే కదా మంచి కాపరి గురించి చెప్పాను! గొర్రె కోసం పరుగెత్తాను, పడుగు మీదుగా. నేను అటు పోతే అది ఇటు వచ్చింది. నేను వంగితే అది ఎగిరింది. నా కాలివేళ్ళకు పోగులు చుట్టుకుని, టపటప తెగిపోతూ నాతోపాటు వచ్చాయి. చివరికి దాన్ని పట్టుకుని గట్టిగా హత్తుకుని చూస్తే, నేనూ గొర్రెపిల్లా ఒకే మూటలో ఉన్నాం.

అంజయ్య నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. తలపట్టుకుని మట్టిలో కూర్చుండిపోయాడు. వీధివాళ్ళు తిడుతూనే పడుగు లేపి, చెంబులతో నీళ్ళు చల్లి, తెగిన పోగులు అతకడం మొదలుపెట్టారు. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఎలాగైనా ఈ తప్పు దిద్దుకోవాలని, నేనూ వంగి ఆత్రంగా పోగులు ముడివేయసాగాను. ఈ వైపు పోగు తెచ్చి ఆ వైపు పోగుకు కలిపాను. కోతి పుండు బ్రహ్మరాక్షసి అన్నారు పెద్దలు. ఆ కోతి నాకంటే నయం.

"అయ్యా, నీకు దండం పెడ్త!" అన్నాడు అంజయ్య. "ముట్టకు!"

ముట్టకు అన్న మాట మా వాడవాళ్ళం పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. వేరే కారణానికి. ఆ రోజు మాత్రం అది అచ్చంగా నా చేతి పనితనం చూసి అన్నమాట. అయినా గుండె కలుక్కుమంది.

ఎండ ఎక్కింది. పడుగులో సగమే దక్కింది. మిగతాది ఇక పనికిరాదన్నారు. అంగడికి చీరలు అందవు. నేను గొర్రెపిల్లను ఎత్తుకుని పోయి నర్సవ్వ కాళ్ళ దగ్గర దించాను. అమ్మ నన్ను చంపుతుంది, అయినా సరే.

"అవ్వా, నా తప్పుకు గీ గొర్రెపిల్లను తీస్కోండ్రి. నా దగ్గర ఇంకేం లేదు."

నర్సవ్వ నావైపు చూసింది, గొర్రెపిల్లవైపు చూసింది. నడుం మీద చేయి పెట్టుకుంది.

"పొద్దుగాల ఏమంటివి? ఇగ గొర్రెపిల్లను తెచ్చే పనే లేదంటివి గద?"

"అది... అది వేరే ముచ్చట అవ్వా."

"ఏం వేరే? మాఫీ ఉట్టిగ దొరుకుతదంటివి. ఎన్కకెల్లి ఏం అడగరంటివి. మనం ఏం జేసినా సరితూగదంటివి. పోగులతికి చూస్తివి, గది అయితే నిజమేనని తెలిసె."

వీధిలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతసేపూ తల వంచుకుని ఉన్న అంజయ్య మూతి కూడా వంకర తిరిగింది.

"మాఫ్ చేసినం ఫో," అంది నర్సవ్వ. "గొర్రెను ఎత్తుకో."

"అట్లెట్ల అవ్వా, నేను ఏదన్న..."

"అగో మల్ల! ఊరందరికి తీస్కోమని చెప్పవడితివి, నీ దాంక వస్తె తీస్కునుడు రాదా నీకు? కూసో ఈడ!"

అరుగు మీద కూర్చోబెట్టింది. మా వాడ మనిషి ఎవరూ అంతకుముందు ఆ అరుగు ఎక్కలేదు. సత్తు గిన్నెలో జొన్న గటక పెట్టింది. కుండలో మిగిలిన గంజి గొర్రెపిల్ల ముందు పోసింది. అది కడుపు నిండి, మూతి తిప్పుకుంది! నేను మాత్రం ఏడుస్తూ తిన్నాను.

"ఉట్టిగ అంటే నీకే ఉట్టిగ బిడ్డా," అంది నర్సవ్వ నా పక్కన చతికిలబడుతూ. "మాకు సగం పడుగు పోయింది. మీ దేవునికి గూడ గట్లనే పోయిందేమో పాపం."

ఏడాది పాటు చదివి పరీక్ష రాసిన ఆ సంగతికి అర్థం నాకు అప్పుడు తెలిసింది.

సాయంత్రం పాస్టరయ్య వాకిట్లోనే ఎదురుచూస్తున్నాడు. గంజి ఎండి ఫెళఫెళలాడుతున్న నా చొక్కా, కాళ్ళకు వేలాడుతున్న పోగులు, నిద్రపోతున్న గొర్రెపిల్ల అన్నీ చూశాడు.

"ఏం దానం, సువార్త అందిందా?"

"అందింది అయ్యగారూ."

"ఎవలకు?"

"నాకే."

ఆయన పక్కకు తిరిగాడు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. మా అమ్మ మాత్రం నవ్వలేదు. చీపురు తీసింది. ఆమె దగ్గర ఏదీ ఉట్టిగ దొరికేది కాదు.

క్రైస్తవులం ఒట్లు పెట్టుకోకూడదు కాబట్టి, ఆ రోజే చేతులు కట్టుకుని, గంజి చొక్కాతోనే నిలబడి గట్టిగా తీర్మానించుకున్నాను. గొర్రెపిల్ల గురించి చెబుతాను గానీ, చచ్చినా వెంట తీసుకుపోను. ఊరికే వేలాడుతున్న తాడు ఎక్కడ కనిపించినా దానికి దేన్నీ కట్టను. ఇక అన్నిటికంటే ముఖ్యం: జనం కదలకుండా నిలబడి నా మాట వింటుంటే, పొంగిపోయే ముందు వాళ్ళ చేతుల్లో ఏముందో చూస్తాను.