ఖాళీగా వదిలిన గడి

2004 మార్చి 28, ఆదివారం, మధ్యాహ్నం పన్నెండూ నలభై. చర్చి నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాను. నా వెనకే వచ్చిన మా తమ్ముడు కుర్చీ లాక్కోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అక్కా, పేకాట మానేత్తాను. నువ్వు రాసుకో," అన్నాడు.

వాడు ఆడుతున్నాడన్న సంగతే నాకు అప్పటిదాకా తెలియదు. నేను పనిచేసింది అనకాపల్లిలో ఒక చిన్న ప్రభుత్వ కార్యాలయంలో. క్లబ్బులకు అనుమతులివ్వడం, అక్కడ డబ్బు పెట్టి ఆడిస్తున్నారని ఫిర్యాదు వస్తే విచారించడం మా పని. ఇరవై రెండేళ్లు ఆ ఫైళ్లన్నీ నా బల్ల మీదుగానే వెళ్లాయి. వాటిలో ఒక ఫైలు వాడు ఆడే క్లబ్బుదే.

ఆ మధ్యాహ్నం వాడు చెప్తూ పోయాడు, నేను నోటుబుక్కులో రాస్తూ పోయాను. మూడేళ్లలో పోగొట్టింది ముప్పై ఎనిమిది వేల నాలుగు వందలు. భార్య గాజులు రెండు జతలు. అన్నిటికన్నా వాడికి సిగ్గనిపించింది జనవరి 19, సోమవారం. వాడు బెల్లం యార్డులో కాటా గుమస్తా. రైతులు తెచ్చిన బెల్లం దిమ్మలు తూచేది వాడే, కాటా గది తాళం ఉండేదీ వాడి దగ్గరే. సెలవుల తరవాత యార్డు తెరిచిన ఆ రోజున ఉదయం ఆరింటికి తియ్యాల్సిన తాళం పదీ ఇరవైకి తీశాడు. అప్పటిదాకా క్లబ్బులోనే కూర్చున్నాడు. కడుపులో నొప్పి వచ్చిందని యజమానికి అబద్ధం చెప్పాడు. పదిహేడేళ్లలో అదే మొదటి అబద్ధమన్నాడు.

అప్పటినుంచి మాకో పద్ధతి ఏర్పడింది. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక వాడు నా దగ్గర భోంచేసేవాడు. చెయ్యి కడుక్కోక ముందే నేను "ఎల్లేవా?" అని అడిగేదాన్ని. "లేదక్కా" అనేవాడు. గోడ మీది క్యాలెండరులో ఆ గడిలో టిక్కు పెట్టేదాన్ని. మొదటి టిక్కు వాడు మాట ఇచ్చిన మార్చి 28నే పెట్టాను.

ఒకసారి, "నేను అబద్ధం సెప్తే నీకెలా తెలుత్తాదే?" అని నవ్వాడు.

"చిన్నప్పుడు బెల్లం తిని తినలేదన్నప్పుడు చెవులు ఎర్రబడేవి. ఇప్పుడూ చెవులే చూస్తున్నాను," అన్నాను.

సెప్టెంబరులో ఒక ఆదివారం మాత్రం ఆఫీసు ట్రైనింగుకి హైదరాబాదు వెళ్లాను. తిరిగొచ్చాక ఆ గడి ఖాళీగానే వదిలేశాను. నేను చూడనిది నేను రాయను.

ఆ ట్రైనింగు జూద వ్యసనం మీద. వచ్చాక మా ఆఫీసరు, అనకాపల్లిలో ఒక అవగాహన సభ పెడదామన్నారు. "ఒక నిజమైన ఉదాహరణ ఉంటే బాగుంటుందమ్మా. పేరు తీసెయ్యండి, ఊరు తీసెయ్యండి. సభ బాగా జరిగితే రిపబ్లిక్ డేకి ప్రశంసా పత్రానికి మీ పేరే పంపిస్తాను," అన్నారు. ముప్పై ఒక్కేళ్ల సర్వీసులో నా పేరు ఏ వేదిక మీదా ఎవరూ చదవలేదు. నాకు ఆశ కలిగిందని ఇక్కడ రాయకపోతే ఈ రాత అంతా తప్పే అవుతుంది.

రెండు కాగితాలు రాశాను. మొదటి దాంట్లో వాడు పోగొట్టుకున్నవి. రెండో దాంట్లో వాడు నిలబడిన ఆదివారాలు. పేరు తీసేశాను, ఊరు తీసేశాను, బెల్లం, కాటా అన్న మాటలు తీసేశాను. తేదీలు, గంటలు, అంకెలు మాత్రం మార్చలేదు. అంకె మారిస్తే అది అబద్ధమవుతుంది కదా అనుకున్నాను. వాణ్ని అడగాలని తోచలేదు. "శనివారం సభకి రా, నీకొకటి వినిపించాలి," అని మాత్రం చెప్పాను. రెండో కాగితం వింటున్నప్పుడు వాడి మొహం చూడాలని నా కోరిక.

నవంబరు 6, శనివారం, సాయంత్రం నాలుగున్నర. బెల్లం వర్తకుల హాలు. మా ఆఫీసువాళ్లు, క్లబ్బుల్లో పనిచేసేవాళ్లు, యార్డు మనుషులు కలిపి నూట నలభై కుర్చీలు నిండాయి. మా తమ్ముడు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని నాలుగో వరసలో కూర్చున్నాడు. నేను చదవడం మొదలుపెట్టాను. "జనవరి పంతొమ్మిది, సోమవారం. ఉదయం ఆరింటికి తాను తెరవాల్సిన తాళాన్ని ఆ మనిషి పదీ ఇరవైకి తెరిచాడు" అన్న వాక్యం దగ్గర, వెనక వరసలోంచి ఒక గొంతు లేచింది.

"బావా, జనవరి పంతొమ్మిదంటే కాటా గది తియ్యని దినం కదేటి? నా బళ్లన్నీ ఎండలో నిలబడిపోనాయి!"

"కడుపునొప్పన్నాడు కదరా మామ!"

"పేకముక్కలు మింగేడేటి, కడుపు నొప్పెట్టడానికి!"

హాలు నవ్వింది. ఇంకెవరో, "అక్క సదవతంది, తమ్ముడు ఇంటన్నాడు. మనకి టిక్కెట్టు కూడా లేదు!" అన్నారు. మళ్లీ నవ్వారు.

మా తమ్ముడు లేచాడు. వరసలో ఉన్నవాళ్ల మోకాళ్లకు తగలకుండా పక్కకు ఒదిగి ఒదిగి బయటికి వెళ్లాడు. నా వైపు చూడలేదు. వాడి చెవులు ఎర్రగా ఉండటం అంత దూరం నుంచీ నాకు కనిపించింది. ఆఫీసరు సంబరంగా మైకు తీసుకుని, "చూశారా, ఇది మన మధ్యే ఉంది!" అని తరవాతి వక్తను పిలిచేశారు. రెండో కాగితం నా చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు ఆదివారం. కోడికూర వండి రెండూ నలభై దాకా చూశాను. రాలేదు.

బుధవారం వాణ్ని కాటా నుంచి తీసేశారు. యజమాని దగ్గరికి వెళ్లి, ముప్పై ఒక్క వారాలుగా పేక ముట్టలేదని చెప్పాను. ఆయన మంచివాడే, కుర్చీ వేయించాడు. "ఆ ముక్క సభలో సెప్పుంటే బాగుండేదమ్మా. ఇప్పుడు రైతులు నవ్వుతున్నారు. తూకం కాడ నవ్వు పుడితే యాపారం సాగదు," అన్నాడు. నెలాఖరుకి మా తమ్ముడు భార్యను తీసుకుని, ఆమె పుట్టిల్లున్న కోటవురట్ల వెళ్లిపోయాడు.

ప్రశంసా పత్రానికి నా పేరు వద్దని కాగితం పెట్టాను. "ఫైలు వెళ్లిపోయిందమ్మా," అన్నారు ఆఫీసరు. 2005 జనవరి 26న విశాఖపట్నంలో నా పేరు మైకులో చదివారు. "వాస్తవ ఉదాహరణతో సభికులను కదిలించినందుకు" అని పత్రంలో ఉంది. ఆఫీసులో అందరూ "పార్టీ ఎప్పుడు మేడం?" అన్నారు. స్వీట్లు తెప్పించి పంచాను. నేను తినలేదు.

ఫిబ్రవరి 6, ఆదివారం, రెండో కాగితం సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. వాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది.

"మళ్లీ మొదలెట్టేనక్కా. నవంబరు పదమూడు. రాసుకో," అన్నాడు.

నేను పుస్తకం తీసుకెళ్లలేదు. కాగితం చేతికిచ్చాను. వాడు వేలు పెట్టి ఒక్కొక్క తేదీ చదువుకుంటూ చివరిదాకా వెళ్లాడు.

"ముప్పై ఒకటి కాదక్కా, ముప్పై రెండు."

"నేను హైదరాబాదు వెళ్లిన వారం కలిపావా?"

"ఆ దినం కూడా వచ్చేను. తాళం ఏసుంది. గుమ్మం మీద అరగంట కూకోని ఎల్లిపోనాను."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వడగలేదు కదే."

కాగితం మడిచి తిరిగి నా చేతిలో పెట్టాడు. "టీ తాగుతావేటి?" అన్నాడు. తాగాను. బస్సు దాకా దిగబెట్టలేదు.

ఆ తరవాత నాలుగు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. ఇంకా ఆడుతున్నాడని వాడి భార్య వైపువాళ్లు చెప్తారు. 2004 క్యాలెండరు నా దగ్గరే ఉంది. సెప్టెంబరులోని ఆ గడిలో, కోటవురట్ల నుంచి ఇంటికొచ్చిన రోజే టిక్కు పెట్టాను. నేను చూడనిది రాయడం అదొక్కసారే.

ఈ రోజు 2009 డిసెంబరు 27, ఆదివారం. పోయినవి రాస్తున్నాను.

కాటా ఉద్యోగం, పదిహేడేళ్లది.
వాడు నిలబడిన ఆదివారాలు, ముప్పై రెండు.
వాడు రాని ఆదివారాలు, ఈ రోజుతో కలిపి రెండు వందల అరవై తొమ్మిది.
తమ్ముడు, ఒక్కడు.