ఎవర్నీ చంపని మెరుపు

"పాప యాడ? వాకిట్లో ఉండాదేమో చూడు! ముందు పాపను లోపలికి ఎత్తుకో!"

బడి నుంచి వచ్చిన రాజగోపాల్ చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నిలబడి అరిచాడు. ఆకాశంలో ఉన్నదల్లా వెంకటగిరికోట వైపు అరచేయంత మబ్బు. పాప వాళ్ళమ్మ ఒళ్ళోనే కూర్చుని బొరుగులు నములుతోంది.

"మబ్బును చూసి కాదు, మిమ్మల్ని చూసి జడుసుకుంటాది బిడ్డ," అంది శాంత.

రాజగోపాల్ బి.ఎస్సీ. ఫిజిక్సు చదివి, పుంగనూరు హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. మేఘంలో విద్యుత్తు ఎట్లా పోగవుతుందో, నేలకు ఎట్లా దూకుతుందో బోర్డు మీద బొమ్మ గీసి చూపించగలడు. పాప పుట్టాక ఆ చదువు అతనికి ధైర్యమేమీ ఇవ్వలేదు. దేనికి భయపడాలో మాత్రం వివరంగా నేర్పింది.

మదనపల్లె నుంచి బదిలీ మీద వచ్చి వాళ్ళు అద్దెకు దిగింది బాబ్జాన్ ఇంటి ముందు భాగంలో. అది 1983. బాబ్జాన్‌కు యాభై దాటాయి, పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. బజారులో రేడియోలు బాగుచేసే అంగడి, పెరట్లో నాలుగు మళ్ళ తోట. ఆ తోట అతన్ని ఏనాడూ సుఖంగా నిద్రపోనివ్వలేదు. టమాటాకు ఆకుముడత వస్తే వంకాయకు పుచ్చు వచ్చేది. చిక్కుడు పందిరి పూతకొచ్చే సమయానికి బావి అడుగంటేది. పొద్దున్నే పురుగులు ఏరి పాత డబ్బాలో వేస్తూ, "తినండి, తినండి. పంట మీకు, ఉత్త పొయ్యి ముందర కూర్సునేది నేను," అని వాటితో మాట్లాడేవాడు.

మబ్బు పట్టిందంటే మాత్రం తోటను మరిచేవాడు. గడప లోపల ముక్కాలిపీట వేసుకుని, రేడియో ముల్లును ఏ స్టేషనూ పలకని చోట నిలిపి, చెవి ఒగ్గి కూర్చునేవాడు. దూరాన మెరుపు మెరిసినప్పుడల్లా రేడియో చిటపటలాడేది. చిటపటలు దగ్గరపడితే వాన ఇటు వస్తోందని లెక్క. ఆ లెక్క కొన్నిసార్లు నిలిచేది, కొన్నిసార్లు పొల్లుపోయేది. మెరుపు నుంచి రేడియో తరంగాలు ఎట్లా పుడతాయో రాజగోపాల్ చెప్పిన రోజు నుంచి ఇద్దరికీ స్నేహం కుదిరింది.

బాబ్జాన్ ఇంటి గోడకు ఒక పాత క్యాలెండరు కాగితం అంటించి ఉండేది. మంచు కొండల మీద, ఆకాశం నిండా పచ్చటి తెరలు. బెంగళూరు గుజిరీలో, పాత సామాన్ల బజారులో, దొరికిందట.

"ఇది యేంది అయివారూ? మెరుపేనా?"

"మెరుపు కాదు సాబ్. ధ్రువాల దగ్గర కనపడే వెలుగు. సూర్యుడి నుంచి వచ్చే కణాలు పైన గాలికి తగిలి మెరుస్తాయి."

"ఉరుముతాదా?"

"లేదు."

"కింద పడి కాలుస్తాదా?"

"నేలదాకా రాదు."

బాబ్జాన్ చాలాసేపు ఆ కాగితాన్ని చూశాడు. "అయితే ఎవర్నీ చంపని మెరుపు ఒకటి ఉండాదన్నమాట," అన్నాడు. "దాన్ని ఒక్కసారి చూడాల."

ఎందుకన్నాడో ఆ సాయంత్రమే చెప్పాడు. 1974లో ఎండాకాలపు వాన అది. అప్పట్లో మబ్బు కనపడితే బాబ్జాన్ సైకిలెక్కి ఊరి బయట గుట్ట మీదికి పోయేవాడు. వాన ఊరి మీదికి దిగడం అక్కడినుంచి చూస్తే సినిమా కన్నా బాగుండేదట. ఆ రోజు వడగండ్లు మొదలయ్యాయి. వడగండ్లు పడితే ఇంటి ఆడమనిషి గడ్డపార తెచ్చి వాకిట్లో పడేయాలి, ఇనుమును చూసి వడగండ్లు ఆగిపోతాయి. ఆ పక్కల హిందువులకూ తురకలకూ అదే నమ్మకం. బాబ్జాన్ భార్య మైమూన్ బీ, పెరట్లో పిందె మీదున్న టమాటా కోసం, గడ్డపార భుజాన వేసుకుని బయటికి వచ్చింది.

"గుట్ట మీద నిలబడి చూస్తాండాను. ఒక మెరుపు దిగింది అయివారూ, వేరు మాదిరిగా చీలిపోయి, వంకాయరంగులో. అంత అందమైనది అంతకుముందు చూడలేదు. చేతులెత్తి వాహ్వా అన్నా." బాబ్జాన్ గొంతు ఒకేలా ఉంది. "ఇంటికి వచ్చి, వాకిట్లో పడున్న మైమూన్‌ను చూసినాక తెలిసింది, నేను దేనికి వాహ్వా అన్నానో."

అప్పటినుంచి అతనికి ఒకటే పట్టుదల. వడగండ్లలో ఇంకే ఆడమనిషీ గడ్డపార పట్టుకుని బయటికి రాకూడదు. గడపగడపకూ తిరిగి చెప్పాడు. రాజగోపాల్‌ను కూడా వెంటబెట్టుకుని పోయి చెప్పించాడు. ఇనుము వడగండ్లను ఆపదు, పిడుగును మాత్రం పిలవగలదు అని రాజగోపాల్ విడమరిచి చెబితే రైతు మునిస్వామి తల ఊపి, "మీ పుస్తకంలో ఉంటే ఉండనీ అయివారూ. మా తోట మీ పుస్తకంలో లేదు గదా," అన్నాడు. అందరూ నవ్వారు.

పక్కింటి బయ్యమ్మ నవ్వలేదు. ఆమె అనుభవం మరీ చేదు. 1984 ఎండాకాలంలో, వడగండ్లు వస్తాండాయని బాబ్జాన్ రేడియో విని చెబితే, నమ్మి పచ్చికాయలన్నీ కోసేసింది. మబ్బు దారి మార్చుకుని వెంకటగిరికోట మీదికి పోయింది. పచ్చికాయను మదనపల్లె మండీలో ఎవరూ ముట్టలేదు. అంతా గేదెల పాలయింది. "సాయిబు మాట విని టమాటా అంతా ఎనుములకు పెట్టినా," అని ఆమె ఏడాది పొడుగునా చెప్పింది.

1985 ఏప్రిల్లో, బయ్యమ్మ తోటలో కాయ ఎర్రబడి మర్నాడు కోతకు మనుషుల్ని పిలిచిన రోజున, మధ్యాహ్నమే చీకటి కమ్మింది. రేడియో విడవకుండా చిటపటలాడింది. బాబ్జాన్ రెండిళ్ళ నడుమ ముళ్ళకంప దగ్గరికి పోయి, "బయ్యమ్మా! లోపలికి పోమ్మా!" అని కేకేశాడు.

"పోయినేడు ఎనుములకు పెట్టినా. ఈ ఏడు యాటికి పెట్టాల సాయిబూ?" అంటూనే ఆమె ఇంట్లోకి పోయింది. మొదటి వడగండ్లు పెంకుల మీద టపటపమన్నాయి. ఆమె మళ్ళీ బయటికి వచ్చింది. చేతిలో గడ్డపార.

రాజగోపాల్ పాపను ఎత్తుకుని గడపలో ఉన్నాడు. బాబ్జాన్ కంపను దూకడం చూశాడు. లుంగీ చిరిగింది, కాలు గీరుకుపోయింది. వాకిటి నడుమ ఇద్దరూ గడ్డపారకు చెరొక కొస పట్టుకుని గుంజుకుంటున్నారు.

"ఇడువు సాయిబూ! నా తోట పోతాండాది!"

"పోనీ! తోట పోనీ!"

"నీకేం, పెళ్ళామా బిడ్డలా!"

బాబ్జాన్ ఒక్క గుంజు గుంజాడు. గడ్డపార అతని చేతికి వచ్చింది. దాన్ని బయ్యమ్మ ఇంట్లోకి విసిరి, ఆమెను రెక్క పట్టి లోపలికి ఈడ్చి, ఇనుము మీదే చతికిలబడ్డాడు. రాజగోపాల్ ఇవతలినుంచి ఏదో అరిచాడు. పాప అతని మెడను పట్టుకున్న పట్టు వదల్లేదు. వడగండ్ల మోతలో అతని మాట అతనికే వినపడలేదు.

వాన వెలిశాక చూస్తే తోట లేదు. మట్టిలో ఎర్రటి గుజ్జు, విరిగిన కర్రలు. బయ్యమ్మ చితికిన పండును ఏరి బాబ్జాన్ ముఖం ముందు పట్టింది.

"పిడుగు పడిందా సాయిబూ? యాడ పడిందో చూపించు."

బాబ్జాన్ ఆకాశం వైపు చూశాడు, వాకిలి వైపు చూశాడు. పిడుగు ఎక్కడా పడలేదు. పడి ఉంటే అందరూ నమ్మేవాళ్ళు. పడలేదు కాబట్టి, గడ్డపార వేయనీకుండా అడ్డంపడి తోటను ముంచినవాడు అతనే.

ఆ మాట ఊరంతా నిలిచిపోయింది. అతని అంగడికి రేడియోలు రావడం తగ్గింది. ఒక పొద్దున పెరటి కంప తీసేసి ఎవరో మేకల్ని తోలారు. చిక్కుడు పందిరి నేలకూలింది. రాజగోపాల్ బజారులో నిలబడి వాదించాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. టీ తాగి లేచిపోయారు. ఇంటింటి వాకిట్లో గడ్డపారలు అట్లాగే సిద్ధంగా ఉన్నాయి. ఏడాది తిరక్కుండా బాబ్జాన్ ఇల్లు అమ్ముకుని, కుప్పంలో అక్క కొడుకు ఇంటికి చేరాడు. మైమూన్ బీ నాటిన మల్లె నుంచి ఒక అంటు, గోడ మీది కాగితం, రేడియో తీసుకుపోయాడు.

1989 మార్చిలో పేపర్లో ఒక వార్త వచ్చింది. సూర్యుడి మీద పెద్ద తుఫాను రేగిందని, కెనడాలో కరెంటు పోయిందని, ఎన్నడూ కనపడని దేశాల్లో కూడా రాత్రి ఆకాశం ఎర్రగా వెలిగిందని. ఆ ఆదివారమే రాజగోపాల్ ఆరేళ్ళ పాపను తీసుకుని కుప్పం బస్సెక్కాడు.

బాబ్జాన్ బాగా కుంగిపోయి ఉన్నాడు. ఒళ్ళో రేడియో. "మొన్న షార్ట్‌వేవ్ పలకనే లేదు అయివారూ. చెడిపోయిందని విప్పి చూసినా. ఏమీ పోలేదు."

రాజగోపాల్ వార్త చెప్పాడు. ముసలాయన కళ్ళు పెద్దవయ్యాయి. "అదేనా? కాగితంలోదేనా? మన పక్కకు వస్తాదా?"

"మనదాకా రాదు సాబ్. మనం చాలా దక్షిణాన ఉండాము."

"కరెంటు పోయిందంటివే. ఆస్పత్రులుంటాయి గదా, ఆడ మనుషులు?"

బాబ్జాన్ పెదవి వంకరగా పెట్టి నవ్వాడు. "అదీ ఊరికే మెరవలేదులే."

అయినా పొద్దు వాలేసరికి మిద్దె ఎక్కుదామన్నాడు. పాప వాళ్ళ వెనకే ఎక్కింది. మల్లె అంటు మెట్ల పక్కన ఒక పగిలిన తొట్టిలో ఉంది. దగ్గర్లో రాళ్ళు కోసే ఫ్యాక్టరీ దుమ్ము పడి ఆకులు తెల్లబారాయి. ఇద్దరూ ఉత్తరం వైపు తిరిగి నిలబడ్డారు. గుట్టల మీద ఎరుపు సన్నగా మిగిలి ఉంది. అది ఉత్తరం నుంచి వచ్చిన వెలుగు కాదని, పడమట మునిగిన పొద్దుదేనని రాజగోపాల్‌కు తెలుసు. అయినా చూస్తూ ఉండిపోయాడు.

"పాప యాడ?"

ఆ మాట అన్నది బాబ్జాన్. రాజగోపాల్ చటుక్కున వెనక్కి తిరిగాడు. మిద్దెకు పిట్టగోడ లేదు. ఆరేళ్ళుగా ప్రతి మబ్బుకూ అతను వేసిన ప్రశ్న అది. ఈ ఒక్క సాయంత్రం మరిచాడు.

పాప మెట్ల మీద కూర్చుని మల్లె ఆకుల దుమ్మును గౌనుతో తుడుస్తోంది. రాజగోపాల్ పరుగున పోయి ఎత్తుకున్నాడు.

బాబ్జాన్ మరుసటి ఏడు వానలకు ముందే పోయాడు. అతను చూడాలనుకున్నది చూడలేదు. ఆ తర్వాత రాజగోపాల్ మబ్బు పట్టినప్పుడు రేడియో పెట్టుకుని గడపలో కూర్చునేవాడు. కానీ ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి వచ్చేవాడు, శాంత వంటింట్లో ఉందా, పాప చాప మీద ఉందా అని. ఆ సాయంత్రం మిద్దె దిగుతూ బాబ్జాన్ చెప్పింది అదే.

"ఆకాశం చూడొద్దని అనను అయివారూ. ఇంట్లోవాళ్ళు యాడుండారో ముందు చూసుకో. ఆ తర్వాతే తల ఎత్తు."