నిన్నటి పులుసు

మా ఆయనకి ఒక మరదలుంది. మేనమామ కూతురు. నాకంటే ముందు ఆవిడతోనే పెళ్ళి మాటలు నడిచాయి. జాతకాలు కుదరక పెద్దవాళ్ళు మానుకున్నారు. ఆయన ఆవిడ ఊసెత్తేవారు కాదు. కానీ నేను చేపల పులుసు చేసిన ప్రతిసారీ ఎత్తినట్టే ఉండేది. మాది గుంటూరు వైపు. పొయ్యి మీంచి దించి వేడివేడిగా తింటాం. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "మా వైపు పులుసు ఇవాళ చేసి రేపు తింటారు. ముక్కకి పులుపు పట్టొద్దూ?" అనేవారు. ఎవరి చేతి పులుసో నేనడగలేదు. అడగాలా?

అరవైల మొదట్లో ఆయన ఉద్యోగం కావలికి మారింది. ఆ వేసవిలోనే ఆత్మకూరులో ఒక పెళ్ళికి వెళ్ళి తిరిగి వస్తున్నాం. బుచ్చిరెడ్డిపాలెంలో బస్సు ఆగగానే ఆయన సంచీ పట్టుకుని దిగిపోయారు.

"ఇది ఇక్కడిదాకే. నెల్లూరుకి మళ్ళీ సాయంత్రమే బస్సు. ఊరు చూద్దాం రా."

చూశాం. పట్టుచీర కట్టుకుని, ఎండలో. మిల్లుల ముందు ఉడకేసిన వడ్లు ఆరబోసి, ఒక ముసలామె కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిరుగుతోంది. ఊరంతా ఆ వడ్ల వాసనే. కాలవ దగ్గర ఆయన నిలబడిపోయారు.

"సెలవులకొచ్చినప్పుడు ఇందులో ఈదేవాళ్ళం."

"ఎవరెవరు?"

"పిల్లలం."

"ఆడపిల్లలా, మగపిల్లలా?"

"ఎండ ముదురుతోంది, పద."

అంతలో నెల్లూరు బోర్డు పెట్టుకున్న బస్సు దుమ్ము రేపుకుంటూ మా పక్కనుంచే పోయింది. ఇదేమిటన్నాను. "నిండిపోయిందిలే" అన్నారు. దాని కిటికీల్లోంచి అవతలి చెట్లు కనబడుతున్నాయి.

మధ్యాహ్నానికి, "మా మామ కూతురు ఇక్కడే ఎక్కడో ఉండాలి. ఉందో లేదో" అంటూ, ఎక్కడా తడుముకోకుండా రెండు సందులు తిరిగి ఒక పెంకుటింటి ముందు ఆగారు.

ఆవిడ గుమ్మంలోనే ఉంది. పెద్ద అందగత్తె కాదని రాయాలని నాకెంతో ఉంది. రాయలేను.

"రాక్కా, రా. ఎండన పడి వచ్చినారు. కాళ్ళు కడుక్కో బావా. మా ఆయన మిల్లు కాడ ఉండాడు, వచ్చేస్తాడు."

ఆశ్చర్యమన్నది ఆ మొహంలో మచ్చుకైనా లేదు. వెంటనే వడ్డించింది. అన్నం పొగలు కక్కుతోంది. మట్టి చట్టిలోని పులుసు మాత్రం చల్లగా ఉంది. నూనె పైకి తేలింది, మామిడికాయ ముక్కలు మెత్తబడ్డాయి, చేపకి లోపలిదాకా పులుపు పట్టింది. ఆయన తల ఎత్తకుండా తింటున్నారు. నా వంట ఏనాడూ అలా తినలేదు.

"బాగుంది. ఎప్పుడు చేశావు?" అన్నాను.

"నిన్న మాపటేల చేసినానక్కా. ఇయ్యాళ చేసి ఇయ్యాళ తినేదానికేం బాగుంటాది?"

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"మేం వస్తామని నాకే తెలియదే. నీకు నిన్ననే ఎవరు చెప్పారమ్మా?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇంకెవురు? ఆత్మకూరు నించి కండక్టరుతో చెప్పి పంపినాడు కదా బావ! బొమ్మిడాయి చేపలే కావాలన్నాడంట. అక్కకి చెప్పలేదా బావా? అంత భయంలో పెట్టుండావా అక్కా?"

"భయం కాదు, మర్యాద" అన్నాను.

"ఇంకో ముక్క వెయ్యనా బావా?"

నేనే అన్నాను: "వెయ్యమ్మా. దీనికోసమే కదా పాపం, ఖాళీ బస్సు నిండిపోయింది."

సాయంత్రం బయల్దేరేటప్పుడు మిగిలిన పులుసు చట్టితో సహా, మూతికి గుడ్డ కట్టి నా చేతిలో పెట్టింది. "రేపటికి ఇంకా బాగుంటాదక్కా. బావకి పెట్టు."

కావలి దాకా ఒళ్ళోనే పెట్టుకున్నాను. ఆయన పట్టుకుంటానంటే ఇవ్వలేదు. చుక్క ఒలకలేదు.

మర్నాడు ఆయనకి పొయ్యి మీంచి దించిన పప్పు వేడివేడిగా వడ్డించి, చట్టి నా కంచం పక్కన పెట్టుకున్నాను. ఆవిడ అన్నది నిజమే, ఇంకా బాగుంది. ఆయన చట్టి వంక చూశారు, నా వంక చూశారు, పప్పు కలుపుకున్నారు.

చట్టి తోమి, ఆ ఊరి మీదుగా పోయే బస్సు కండక్టరు చేతికే ఇచ్చి పంపాను. కబురేమైనా చెప్పాలా అని అడిగాడు.

"అక్క తిన్నదని చెప్పు" అన్నాను.