ఒక్క గోలీ పేల్చని ఫౌజీ తాత

కాదన్నా, నిన్న నువ్వన్నది తప్పు. "కట్లు కట్టేటోడు గూడ వీరుడేనా? జిందగీల ఒక్క గోలీ పేల్చలే. ఫ్లెక్స్ మీద వీర సైనికుడని రాస్తే నవ్వుతరు" అని పాన్ డబ్బా ముందు అందరూ వింటుండగా అన్నావు. నిన్న నీతో లొల్లి పెట్టుకుని వచ్చేశాను. ఇవాళ జవాబు మన గల్లీ గ్రూపులో పెడుతున్నాను. మీరందరూ చదవండి.

ఆదివారం పొద్దున మా యాకుత్‌పురా గల్లీ ఫౌజీ తాత పోయాడు; ఆ ఫ్లెక్స్ ఆయనకే. ఫౌజ్‌లో గాయపడ్డవాళ్ళకు కట్లు కట్టడం ఆయన పని. రిటైరయ్యాక కూడా, గల్లీలో ఎవరి మోకాలు పగిలినా ఆయన అరుగు మీదికే.

తొమ్మిదిలో బడి మానేసి బండి మీద తిరిగే రోజుల్లో, దోస్తును వెనక ఎక్కించుకుని స్టేషన్ మలుపులో జారి పడ్డాను. మోచేయి చీరుకుపోయి గల్లీ అదిరేలా అరుస్తున్నాను. తాత ఉరికొచ్చి నన్ను దాటి వెళ్ళిపోయాడు. గోడకు ఆనుకుని ఊరికే కూర్చున్న మావాడి కళ్ళు చూశాడు, నాడి పట్టాడు, ఆటోలో దవాఖానకు పంపించాడు. తల లోపల దెబ్బ. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు.

"ఏంది తాతా, నెత్తురు నాకు కారుతుంటే వాని తాన ఉరికినవ్?"

"అరిచేటోనికి ఊపిరున్నట్టే బేటా. సప్పుడు లేనోని ఫికర్ నాకు."

అయినా నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను.

ఇవాళ పొద్దున తాత ఇంటికి ఒక పెద్దాయన వచ్చాడు. ఎడమ మోకాలి కింద పెట్టుడు కాలు. ఇద్దరూ ఒకే రోజు ఫౌజ్‌లో చేరారట. సరిహద్దు కొండ మీద కాల్పుల్లో ఈయన గోలీ తగిలిన తన కాలు పట్టుకుని అరుస్తున్నాడు. ఇంకో జవాను బోర్లా పడి కదలడం లేదు.

"మీ తాత పాక్కుంట నా తానకొచ్చిండు. పట్టీ చేతిల పెట్టి, బిగించుకోరా అని నన్ను దాటి పోయిండు. బూతులు తిట్టిన. గోలీలకు రాళ్ళు ఎగురుతున్నయ్. వాని ఛాతీకి కట్టు గట్టి, కిందికి మోసి, మళ్ళ నా కోసం పైకొచ్చిండు!"

"మరి నీ కాలు పోయె గద బాపూ?"

"పోతే పోయింది! వాడు బతికిండు. మొన్న వాని మనవరాలి పెండ్లిల, గీ కాలుతోనే బరాత్‌ల ఎగిరిన."

నీ మాట కూడా చెప్పానన్నా. పకపకా నవ్వాడు.

"గోలీ పేల్చలేదనే రాయమను. పెద్దగ రాయమను. కింద మీ తాత మోసుకొచ్చిన మా ఇద్దరి ఫోటోలు పెట్టమను."

అదే రాయిస్తున్నాను. పెద్దాయన అప్పుడే నా బండి వెనక ఎక్కి, పెట్టుడు కాలు పక్కకు చాపి, ముందుకు వంగి హారన్ మీద హారన్ కొడుతున్నాడు. నేను ఫ్లెక్స్ షాపుకు పోవాలి.