తిప్పి పెట్టుకో

మా సెంగ్ అంకుల్ చెవుల మీద సింగపూర్‌లో హెడ్‌ఫోన్ల పిచ్చి ఉన్నవాళ్ళందరికీ గురి. పాత షాపింగ్ కాంప్లెక్సు మూడో అంతస్తులో మా కొట్టు. ఇరవై రెండేళ్ళుగా ఆయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్లు వింటాడు. తనకు ఎలా వినిపించిందో చిన్న అట్టముక్క మీద రాసి ఆ సరుకు పక్కన నిలబెడతాడు. కొనేవాళ్ళు ధర కన్నా ముందు ఆ అట్ట చదువుతారు. నా పేరు నోర్‌హయాతి, కొట్లో అందరికీ యాతీని. గల్లాపెట్టె నాది, ఆ అట్టలకి ప్లాస్టిక్ తొడుగు వేసే పనీ నాదే.

కొత్తవాళ్ళకి ఆయన మొదట నేర్పేది ఒక్కటే. పాడే మనిషి గొంతు సరిగ్గా నడినెత్తిన వినపడాలి. ఒక పక్కకి ఒరిగితే హెడ్‌ఫోన్‌ని తిట్టొద్దు. తిప్పి పెట్టుకోవాలి, కుడిది ఎడమకి, ఎడమది కుడికి. గొంతు కూడా రెండో పక్కకి మారితే లోపం వస్తువుది. మారకుండా అక్కడే ఉంటే లోపం చెవిది, డాక్టరు దగ్గరికి పొమ్మంటాడు. ఈ మాట వెయ్యిమందికి చెప్పి ఉంటాడు.

వానలు మొదలైనప్పటినుంచి ఆయనకి కుదురు పోయింది. కాలుగాలిన పిల్లిలా అరల మధ్య తిరుగుతాడు. తుడిచిన హెడ్‌ఫోన్ల మెత్తల్నే మళ్ళీ తుడుస్తాడు. కూర్చుంటే మోకాలు ఊపుతూనే ఉంటాడు, తెచ్చిన కాఫీ చల్లారిపోతుంది. వరసగా నాలుగు చవక హెడ్‌ఫోన్లకి ‘ఎడమ పక్క నీరసం’ అని రాశాడు. నాలుగూ వేరువేరు మనుషులు చేసినవి. అందరికీ ఎడమ పక్కే చెడిందా? ఆ నెలలోనే రెండున్నర వేల డాలర్ల జత ఒకటి వచ్చింది. దాని అట్ట మీద, ‘పాడే ఆవిడ మన కుడి భుజం పక్కన కూర్చుని మనకోసమే పాడుతున్నట్టుంది’ అని రాశాడు. చదివి నాకు ఒళ్ళు మండింది. చవకదానికి రోగమైంది ఖరీదైనదానికి సొగసైపోయిందన్నమాట! అనుమానం అప్పుడే వచ్చింది, అయినా నోరు మెదపలేదు. ఆ చెవులు పోతే ఆయనకి ఇంకేముంది? పెళ్ళీ పెటాకులూ లేవు, ఆ కుర్చీయే ఆయన బతుకు.

ఆ నాలుగింటిలో ఒకటి హో చిన్ వాయ్‌ది. నలభై దాటిన మనిషి. పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక వంటింటి బల్ల మీద హెడ్‌ఫోన్లు బిగించి జత డెబ్భై డాలర్లకి అమ్ముకుంటున్నాడు. అంకుల్ మంచిమాట రాయనిదే మా కొట్లో సరుకు పెట్టరు. ఎడమ పక్క విప్పి, మళ్ళీ బిగించి తెచ్చాడు. రెండోసారీ అదే మాట. మొన్న శనివారం మధ్యాహ్నం మూడోసారి వచ్చాడు.

అంకుల్ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఇంకా ఎడమే తగ్గుతోందయ్యా,” అన్నాడు, అతని మొహం చూడకుండా.

చిన్ వాయ్ ఆయన తల మీది హెడ్‌ఫోన్ చూపించాడు. “ఇది నాకు నేర్పింది మీరే అంకుల్. ఒక్కసారి తిప్పి పెట్టుకోండి.”

కొట్లో ఉన్న ఇద్దరు కొనేవాళ్ళు ఇటు తిరిగారు. అంకుల్ వైరు సర్దాడు, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, లేచాడు, కూర్చున్నాడు. ఇన్నేళ్ళు విన్నవాడికి తిప్పి చూడాల్సిన అవసరం లేదన్నాడు. నేనిక ఆగలేకపోయాను.

“అవసరం లేకా, భయమా?” అన్నాను.

అనేశాక నాలుక కరుచుకున్నాను. రెండు నెలలు ఊరుకుని, ఇప్పుడు అందరి ముందూ అనాలా? నా మీద నాకే కోపం వచ్చింది.

ఆయన నాకేసి చూసి, తిప్పి పెట్టుకున్నాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత అద్దాల అర తాళం తియ్యమని, ఆ రెండున్నర వేల జత తెప్పించుకున్నాడు. మామూలుగా విన్నాడు, తిప్పి విన్నాడు. మోకాలు ఊపడం ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

“నీకెప్పట్నించి తెలుసు యాతీ?”

“వానలప్పట్నించి, అంకుల్.”

“నాకూ అప్పట్నించే.”

ఐదు అట్టలూ తెమ్మని చించేశాడు. చిన్ వాయ్ హెడ్‌ఫోన్‌ని మరోసారి అటూ ఇటూ తిప్పి, రెండు పక్కల్నీ కుడిచెవితోనే విన్నాడు. కొత్త అట్ట తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. నేను వెనక నుంచి చదివాను. ‘రెండు పక్కలూ సమానం. తాళాల సన్నటి చప్పుళ్ళు ఖరీదైనదాంట్లోనే తేటగా ఉన్నాయి, గొంతు మాత్రం దీంట్లోనే దగ్గరగా ఉంది. ఇన్నాళ్ళూ తగ్గింది నా ఎడమ చెవి.’

చిన్ వాయ్ కుర్చీకి ఎడమపక్కన నిలబడి, మెల్లగా, చాలా సంతోషం అంకుల్ అన్నాడు. అంకుల్ తలెత్తలేదు, రాస్తూనే ఉన్నాడు. చిన్ వాయ్ మొహం చిన్నబోయింది. నేను గల్లా వదిలి వెళ్ళి, అతని చెయ్యి పట్టుకుని కుర్చీకి కుడివైపుకి లాగాను. ఇప్పుడు చెప్పమన్నాను.